టార్పాలిన్ ఇచ్చిన చేతులతో

(మిషనరీ సేవకు సిద్ధపడుతున్న యువతీ యువకుల సదస్సులో ఒక నర్సు చేసిన ప్రసంగం. అక్కడక్కడ చిన్న సవరణలు తప్ప, మాట్లాడింది మాట్లాడినట్టే ఇస్తున్నాం.)

అందరికీ వందనాలు. వెనక నిలబడినవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ చోటుంది.

నేపాల్‌లో వారపు సెలవు శనివారం. అందుకని అక్కడి సంఘాలు శనివారమే ఆరాధనకు కూడుకుంటాయి. ఈ చిన్న విషయం తెలియకపోతే నేను చెప్పబోయేది సగమే అర్థమవుతుంది, అందుకే ముందు ఇది చెప్తున్నాను. 2015 ఏప్రిల్ 25 శనివారం. పొద్దున 11 గంటల 56 నిమిషాలు. గోర్ఖా జిల్లాలో బార్పాక్ అనే ఊరి దగ్గర భూమి కదిలింది. 7.8 తీవ్రత. దాదాపు 9 వేల మంది చనిపోయారు. దాదాపు 5 లక్షల ఇళ్లు నేలమట్టమయ్యాయి. ఆ రోజు శనివారం కాబట్టి బడులు మూసి ఉన్నాయి. వేల తరగతి గదులు కూలిపోయాయి, వాటిలో పిల్లలు లేరు. ఇంకో రోజు వచ్చి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా భయం వేస్తుంది. కానీ శనివారం కాబట్టే చర్చిలు నిండుగా ఉన్నాయి.

నేను పనిచేసింది సింధుపాల్‌చోక్ జిల్లాలో, కొండ మీద తమాంగ్ తెగవాళ్లుండే ఒక ఊళ్లో. ఆ ఒక్క జిల్లాలోనే 3,500 మందికి పైగా పోయారు. మిగతా జిల్లాలన్నిటికంటే ఎక్కువ. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్ల కష్టాన్ని వాళ్ల పేర్లతో సహా ఇక్కడ మైకులో చెప్పే హక్కు నాకు లేదనుకుంటాను.

నేను మే 10న ఖాట్మండు చేరాను. రెండు రోజులకే, మే 12 మధ్యాహ్నం, 7.3 తీవ్రతతో రెండోది వచ్చింది. నేనప్పుడు ఒక మేడ మెట్లు దిగుతున్నాను. పడిపోకుండా గోడ పట్టుకున్నాను, ఆ గోడే ఊగుతోంది. కిందకి ఎలా వచ్చానో ఇప్పటికీ గుర్తు లేదు. రోడ్డు మీద ఎవరో పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టి, భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. సాయం చెయ్యడానికి వచ్చినదాన్ని, వచ్చిన రెండో రోజే సాయం అందుకున్నాను. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు. తర్వాత చాలా ఆలోచించాను.

ఊరికి చేరాక నేను మొదట చూసింది చెప్పులు. ఆ ఊరి చర్చి రాతి కట్టడం. రాళ్ల మధ్య మట్టి తప్ప సిమెంటు లేదు. గోడలు లోపలికి కూలాయి. గుమ్మం మాత్రం నిలబడే ఉంది. గుమ్మం బయట మెట్టు మీద, ఆరాధనకు లోపలికి వెళ్లేముందు విడిచిన చెప్పులు వరసగా అలాగే ఉన్నాయి. రబ్బరు చెప్పులు, గోల్డ్‌స్టార్ బూట్లు, ఒక చిన్న పాప గులాబీ రంగు జోళ్లు. వాటి మీద దుమ్ము పడి, ఆ దుమ్ము మీద వాన పడి, మళ్లీ ఎండి గట్టిపడింది. మూడు వారాలవుతోంది. బయటపడినవాళ్లు ఆ రోజు ఉత్త కాళ్లతోనే పరిగెత్తారు. ఇప్పటికీ కొందరు ఉత్త కాళ్లతోనే తిరుగుతున్నారు. మీ చెప్పులు అక్కడే ఉన్నాయి కదా, ఎందుకు తెచ్చుకోవట్లేదు అని అడిగాను. పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పారు. "ఎవరి జత వాళ్లు తీసుకెళ్లిపోతే, అక్కడ మిగిలేవి ఎవరివో అందరికీ కనబడుతుందమ్మా. అందుకే ఎవరూ ముట్టుకోవట్లేదు."

ఆయన భార్య జత కూడా అక్కడే ఉంది.

ఆ శనివారం మొక్కజొన్న చేను పక్కన టార్పాలిన్ కింద ఆరాధన జరిగింది. ఆయన వాక్యం చెప్పలేదు. చనిపోయినవాళ్ల పేర్లు చదివారు. విశ్వాసుల పేర్లతో పాటు ఊళ్లో పోయిన మిగతావాళ్ల పేర్లు కూడా చదివారు. ఊరి బౌద్ధ గురువు లామాగారి తమ్ముడి పేరు కూడా అందులో ఉంది. పేరు తర్వాత పేరు, మధ్యలో కాస్త ఆగుతూ. నేను చాలా ప్రసంగాలు విన్నాను. దానికి సాటి వచ్చేది ఇంకా వినలేదు.

మీలో కొందరు ఇలాంటి చోటికి వెళ్తారు. వెళ్లిన మొదటి వారంలోనే మిమ్మల్ని అడుగుతారు, ఇది ఎందుకు జరిగిందని. మా ఊళ్లో రెండు మాటలు తిరిగేవి. మీరంతా పాత దేవుళ్లను వదిలేశారు, అందుకే కొండకు కోపం వచ్చిందని కొందరు క్రైస్తవులను అనేవారు. మీ దేవుడు తన ఇంట్లోనే, తన పాటలు పాడుతున్నవాళ్లనే ఎందుకు కాపాడుకోలేకపోయాడని ఇంకొందరు అడిగేవారు. ఇంతకంటే నన్ను బాధపెట్టిన మాట ఒకటుంది. అది బయటి నుంచి వచ్చిన ఒక సేవకుడి నోటి నుంచి విన్నాను. విగ్రహారాధన వల్ల ఈ దేశం మీద తీర్పు వచ్చిందన్నాడాయన. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఎదురుగా కూర్చుని ఉండగా ఆ మాట అన్నాడు. అప్పుడు చర్చిలో చనిపోయినవాళ్ల సంగతి ఏంటి మరి? సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు మిగతావాళ్లకంటే పాపులని అనుకుంటున్నారా అని ప్రభువు అడిగాడు. కాదని ఆయనే చెప్పాడు. కూలిన గోడ గురించి ఆయన అంత స్పష్టంగా చెప్పాక, మనం దానికి వేరే అర్థాలు వెతకడం నాకు తప్పుగా అనిపిస్తుంది.

భూమి ఎందుకు కదిలిందో మనకు తెలుసు. భారత భూభాగం ఉన్న ఫలకం ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున ఉత్తరానికి జరుగుతూ టిబెట్ కిందికి దూరుతోంది. హిమాలయాలు పుట్టింది దానివల్లే. ఆ ఒత్తిడి ఏళ్ల తరబడి పేరుకుని ఒక్కసారిగా వదులుతుంది. 1934లో కూడా అలాగే వదిలింది. ఇళ్లు ఎందుకు కూలాయో కూడా తెలుసు. రెండు వరసలుగా రాళ్లు పేర్చి, మధ్యలో చిన్న రాళ్లు, మట్టి నింపి గోడ కడతారు. ఆ రెండు వరసలనూ కలిపి పట్టుకునే పొడవాటి రాయి ఉండదు. ఊపు రాగానే వరసలు విడిపోయి, గోడ పొట్ట ఉబ్బి కూలిపోతుంది. ఇదంతా ఆ తల్లికి ఆ రోజే చెప్పాలని అనడం లేదు. ఆ రోజు ఆమె పక్కన కూర్చుంటే చాలు. కానీ తర్వాత చెప్పాలి. తన పాపం వల్ల బిడ్డ పోయాడని అనుకుంటూ ఆమె బతకకూడదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

మొదటి రెండు నెలలూ మాకు ఊపిరి తీసుకునే తీరిక లేదు. వర్షాలు వచ్చేలోగా ప్రతి కుటుంబానికీ తల దాచుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. టార్పాలిన్, రెండు దుప్పట్లు, బియ్యం, ఉప్పు, సబ్బులు, తర్వాత పైకప్పుకు రేకులు. మా సరుకు చర్చి స్థలంలోనే దింపేవాళ్లం. ఆ ఊళ్లో లారీ వెళ్లగలిగే చోటు అదొక్కటే. శనివారం అందరూ ఎలాగూ వస్తారు కాబట్టి, ప్రార్థన అయ్యాక పంచేవాళ్లం. ప్రార్థనకు వస్తేనే ఇస్తామని మేమెవ్వరం అనలేదు. అలా అనే మనుషులం కాదు. అందరికీ ఇచ్చాం. క్రైస్తవులా, బౌద్ధులా అని ఎవరినీ అడగలేదు.

ఒక ఆమా వచ్చేది. ఆమా అంటే అక్కడ అమ్మ. డెబ్బై దాటి ఉంటాయి. ఇల్లు పూర్తిగా పోయింది. కోడలు పోయింది. కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు, రావడానికి కుదరలేదు. ఇద్దరు మనవలతో ఉంటోంది. నన్ను 'నానీ' అని పిలిచేది, అంటే చిన్నమ్మాయి అని. ఆమె మాతృభాష తమాంగ్, నాది తెలుగు, ఇద్దరం వచ్చీరాని నేపాలీలో మాట్లాడుకునేవాళ్లం. ఆ రాకపోవడమే మమ్మల్ని దగ్గర చేసింది. టార్పాలిన్ తీసుకున్నప్పటి నుంచి ప్రతి శనివారం ప్రార్థనకు రావడం మొదలుపెట్టింది. వెనక కూర్చునేది. అందరూ లేస్తే లేచేది, చేతులెత్తితే ఎత్తేది. నాకు ఎంత సంతోషంగా ఉండేదో! మా పనికి డబ్బు పంపే సహకారులకు రాసిన ఉత్తరంలో ఆమె గురించి రాశాను కూడా.

ఒక శనివారం నాకు ఆలస్యమైంది. పాట మొదలైపోయింది. దిగువ దారిలోంచి పైకి వస్తుంటే ఆమా నాకు కొంచెం ముందు నడుస్తోంది. నన్ను చూడలేదు. టార్పాలిన్ గుడారం దగ్గరికి వచ్చేసరికి ఆగింది. మెడలోంచి పూసల మాల తీసింది. నూట ఎనిమిది పూసల జపమాల, అరిగి అరిగి నల్లగా మెరుస్తోంది. దాన్ని నుదుటికి తాకించి, చుట్టలా చుట్టి, నడుముకు కట్టుకున్న పటుకా మడతల్లోకి దోపుకుంది. దాని మీద చెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడింది. ఆ తర్వాత లోపలికి వెళ్లి చేతులెత్తింది.

నేను లోపలికి వెళ్లలేకపోయాను.

సాయంత్రం ఆమె గుడిసెకు వెళ్లి అడిగాను, నువ్వు ప్రార్థనకు ఎందుకు వస్తున్నావు ఆమా అని. ఆమె భయపడిపోయింది. "నేనేమైనా తప్పు చేశానా నానీ? రేకులు ఇవ్వరా?" అంది. ఎవరైనా నిన్ను రమ్మన్నారా అన్నాను. ఎవరూ అనలేదట. "మీరు ఇన్ని ఇస్తున్నారు. ఊరికే ఎవరిస్తారు? ఇది చెయ్యాలేమో అనుకున్నాను. నాకు మీ పాటలు రావు కదా, అందుకే చేతులు మాత్రం ఎత్తుతున్నాను" అంది.

కోడలు పోయి, ఇల్లు పోయి, ఏమీ మిగలని ఆ మనిషికి ఆ మాలొక్కటే మిగిలింది. దాన్ని కూడా మా కోసం దాచుకునేలా చేశాం. చెయ్యాలని చెయ్యలేదు. మేం నోటితో ఒక్క మాటా అనలేదు, కానీ మా ఏర్పాటే ఆమెకు ఆ మాట చెప్పింది. సరుకు ఎక్కడ దింపాం, ఏ రోజు ఇచ్చాం, ఎవరి చేతుల మీదుగా ఇచ్చాం, దానికి ముందు ఏం జరిగింది, ఇవన్నీ మాట్లాడతాయి. ఆకలితో ఉన్నవాళ్లకు అవన్నీ చక్కగా వినబడతాయి.

ఆ రాత్రి పాస్టరుగారితో, మా బృందంతో కూర్చున్నాం. చాలా గొడవైంది, దాచను. ఆమె వస్తోంది కదా, వాక్యం వింటోంది కదా, ఎలా వస్తే ఏంటి అన్నారు ఒకరు. పాస్టరుగారు అప్పటిదాకా మాట్లాడలేదు. చివరికి అన్నారు, "నా సంఘంలో రేకుల కోసం వచ్చినవాళ్లెవరో, ప్రభువు కోసం వచ్చినవాళ్లెవరో రేపు నేనెలా తెలుసుకోవాలి? వాళ్లకైనా ఎలా తెలుస్తుంది?" ఇక ఎవరం మాట్లాడలేదు.

పద్ధతి మార్చాం. సరుకు బడి ఆవరణకు మోయించాం. అరగంట ఎక్కువ నడక, కూలి ఖర్చు కూడా ఎక్కువే. పంపిణీ బుధవారం. జాబితా మేం తయారుచెయ్యడం మానేశాం. ఊరి పెద్దలు, ఆడవాళ్ల గుంపు నుంచి ఇద్దరు, లామాగారు, పాస్టరుగారు కూర్చుని రాశారు. ఆ జాబితాను గోడకు అంటించాం, ఎవరికి ఎంతో అందరూ చూసుకునేలా. పంపిణీ దగ్గర ప్రార్థన ఉండదు, పాట ఉండదు, కరపత్రం ఉండదు. నా చేతుల్తో బైబిలు ఇవ్వమని ఎవరైనా అడిగితే, బుధవారం ఇవ్వను, ఇంకో రోజు ఇంటికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం అని చెప్పేదాన్ని. అడిగినవాళ్లు లేకపోలేదు, వచ్చినవాళ్లూ ఉన్నారు.

తర్వాతి శనివారం ఆమా రాలేదు. ఆమె ఒక్కతే కాదు. గుడారం నిండుగా ఉండేది, నెల తిరిగేసరికి సగానికి వచ్చింది. నా తర్వాతి ఉత్తరంలో ఆ సంఖ్య ఉన్నదున్నట్టు రాశాను. ఒక సహకారి ఫోన్ చేసి, మేమిచ్చిన డబ్బుతో జనం తగ్గిపోవడం ఏంటని అడిగారు. ఎంత వివరంగా చెప్పినా ఆయనకు నచ్చలేదు. ఇవ్వడం ఆపేశారు. ఆయన మీద నాకు కోపం లేదు. నేనే అంతకుముందు అలాంటి ఉత్తరాలు రాసి ఆయనకు ఆ లెక్క అలవాటు చేశాను.

పదిమంది కుష్ఠరోగుల సంగతి మీకందరికీ తెలుసు. ఒక్కడే తిరిగొచ్చాడని దాని మీద కృతజ్ఞత గురించి ప్రసంగాలు చేస్తాం. నేను ఆ ఊళ్లో ఉన్నప్పుడు నాకు కనబడింది ఇంకొకటి. ఆ తొమ్మిదిమందీ కూడా బాగయ్యారు. తిరిగి రాలేదని ఆయన స్వస్థత వెనక్కి తీసుకోలేదు.

ఇది నా సొంత ఆలోచన అని అనుకోకండి. విపత్తుల్లో పనిచేసే సంస్థల కోసం రెడ్‌క్రాస్, మరికొన్ని సంస్థలు కలిసి 1994లో ఒక నియమావళి తెచ్చాయి. రాజకీయ, మత అభిప్రాయాలను ముందుకు తోయడానికి సాయాన్ని వాడకూడదని అందులో ఉంది. క్రైస్తవ సంస్థలు చాలా దాని మీద సంతకం చేశాయి. నేపాల్ చరిత్ర చూసినా ఇదే కనబడుతుంది. రాణా వంశం పాలన పోయేదాకా ఆ దేశం తలుపులు మిషనరీలకు మూసే ఉన్నాయి. 1952లో పోఖరాకు డాక్టర్ లిలీ ఓహాన్లన్, హిల్డా స్టీల్ అనే మిషనరీలు చేరారు. 1954లో యునైటెడ్ మిషన్ టు నేపాల్ మొదలైంది. ఆస్పత్రి నడుపుతాం, బడి నడుపుతాం, మతం మార్చే పని పెట్టుకోం అని ప్రభుత్వానికి మాటిచ్చే వాళ్లు అడుగుపెట్టారు. వాళ్ల తాన్‌సేన్ ఆస్పత్రి ఇప్పటికీ నడుస్తోంది. సంఘం పెరగలేదా? పెరిగింది. 2011 జనాభా లెక్కల్లో క్రైస్తవులు 3,75,699 మంది, 2021లో 5,12,313 మంది. దాన్ని పెంచింది ముఖ్యంగా నేపాలీలే. ఇంటి నుంచి ఇంటికి, చుట్టం నుంచి చుట్టానికి, కొందరు జైలుకు కూడా వెళ్లి పెంచారు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. భూకంపం వచ్చిన ఐదు నెలలకు, 2015 సెప్టెంబర్ 20న నేపాల్ కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. మతం మార్చడాన్ని అది నిషేధించింది. 2018 ఆగస్టు నుంచి అమలవుతున్న శిక్షాస్మృతిలో దానికి ఐదేళ్ల దాకా జైలు, 50 వేల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. విదేశీయులైతే దేశం నుంచి పంపేస్తారు. ఇది చాలామంది సేవకులకు పెద్ద టెన్షన్. విశ్వాసాన్ని చెప్పుకోవడాన్నే నేరం చేసే చట్టం న్యాయమైనదని నేననను. అక్కడి సహోదరులు దానివల్ల బాధపడుతున్నారు, వాళ్ల కోసం మనం ప్రార్థన చెయ్యాలి. అయితే ఆ చట్టం ఊరికే పుట్టలేదు. భూకంపం తర్వాత మనలాంటివాళ్లను ఆత్మల కోసం వాలిన రాబందులని సోషల్ మీడియాలో తిట్టారు. ఆ తిట్టు చదివినప్పుడు నాకు కోపం రాలేదు. ఆమా నడుము దగ్గర ఆ పటుకా మడత కళ్లముందుకొచ్చింది.

పిల్లల గురించి ఒక మాట. అప్పట్లో నాకు వచ్చిన ఫోన్లలో సగం అనాథాశ్రమం పెట్టమనే. స్థలం కొనిస్తాం, బిల్డింగ్ కట్టిస్తాం, పిల్లల్ని చూడండి చాలు అనేవాళ్లు. మంచి మనసుతోనే అనేవాళ్లు. కానీ నేపాల్‌లో అలాంటి హోమ్‌లలో ఉన్న పిల్లల్లో చాలా ఎక్కువమందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారు. పేదరికం వల్ల పంపినవాళ్లే ఎక్కువ. పైగా సింధుపాల్‌చోక్ నుంచి ఆడపిల్లల్ని చదువు, ఉద్యోగం అని చెప్పి తీసుకెళ్లి అమ్మేయడం భూకంపానికి ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఉంది. ప్రభుత్వం భయపడి, తల్లిదండ్రులు తోడు లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదని ఆపింది. ఆమా మనవల్ని కూడా ఒకాయన అడిగాడు, ఖాట్మండులో చదివిస్తామని. ఆమె నన్ను అడిగింది. పంపొద్దు, ఇక్కడే ఉండనీ, ఫీజూ పుస్తకాలూ చూసుకుందాం అన్నాను. ఇల్లు పోయిన పిల్లలకు ఇల్లు కట్టాలి. నాయనమ్మ ఉన్న పిల్లలకు ఆశ్రమం కట్టడమేంటి?

అక్టోబర్ వచ్చేసరికి టీషర్టుల మీద సంస్థల పేర్లు వేసుకున్నవాళ్లంతా వెళ్లిపోయారు. సరిగ్గా అప్పుడే భారత సరిహద్దులో దిగ్బంధం, సరుకు లారీలు ఆగిపోయాయి. సెప్టెంబర్ చివర్లో మొదలై ఫిబ్రవరి దాకా నడిచింది. డీజిల్ లేదు, గ్యాస్ లేదు, మందులకు కటకట. పైన కొండ మీద చలికాలం, రేకుల కింద పసిపిల్లలు. నేను భారతదేశపు మనిషినని ఊరికంతా తెలుసు. మీ దేశం ఎందుకిలా చేస్తోందని టీ కొట్టు దగ్గర అడిగేవాళ్లు. నా దగ్గర జవాబు లేదు. వాళ్లతో పాటే కట్టెలు మోశాను, అంతే. ఆ ఐదు నెలల తర్వాతే నన్ను ఆ ఊరి మనిషిగా చూడటం మొదలుపెట్టారు.

మిషనరీ జీవితం అంటే మీరు ఏం ఊహించుకుంటున్నారో నాకు తెలియదు. నా రెండో ఏడూ మూడో ఏడూ ఎక్కువగా క్యూలలో గడిచాయి. ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం మొదట 2 లక్షల నేపాలీ రూపాయలంది, తర్వాత 3 లక్షలకు పెంచింది. ఒకేసారి ఇవ్వరు. మొదట 50 వేలు, ఇంజనీరు వచ్చి పునాది చూసి సరే అంటే లక్షన్నర, ఆ తర్వాత లక్ష. దానికి భూమి పట్టా కావాలి, లాల్‌పుర్జా అంటారు. ఆమా వాళ్ల భూమి ఎప్పుడో పోయిన మామగారి పేరు మీద ఉంది. కొడుకు విదేశంలో. పేరు మార్పించడానికి జిల్లా కేంద్రం చౌతారాకు ఎన్నిసార్లు వెళ్లామో! తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరేవాళ్లం. ఫోటో సరిగ్గా లేదంటారు. సంతకం ఇక్కడ కాదంటారు. జిరాక్స్ మిషన్‌కు కరెంటు ఉండదు. ఆమాకు మోకాళ్ల నొప్పి, బల్ల మీద కూర్చోబెట్టి నేను లైన్లో నిలబడేదాన్ని. ఆ గంటల్లో మేం మాట్లాడుకున్నాం. కోడలి గురించి, కొడుకు పుట్టినప్పటి మంచు గురించి. మా దేవుడి గురించి ఆమెకై ఆమె ఒక్కసారి అడిగింది, నేను చెప్పాను. తన మాల ఎలా తిప్పాలో నేనడిగాను, ఆమె చూపించింది. ఇప్పుడు దాన్ని మెడలోనే వేసుకుంటోంది.

మేస్త్రీలకు శిక్షణ ఇప్పించాం. గోడ పొడవునా అడ్డంగా కట్టు వెయ్యాలి, కిటికీ కింద ఒకటి, పైన ఒకటి, కప్పు కింద ఒకటి. రెండు వరసలనూ కలుపుతూ పొడుగు రాయి పెట్టాలి. పైన బరువు తగ్గించాలి. తాతల కాలం నుంచి గోడలు కడుతున్న ముసలి మేస్త్రికి ఇదంతా చెప్పడం తేలిక కాదు. ఆయన మూడు రోజులు మాట్లాడకుండా చూశాడు. నాలుగో రోజు, కూలిపోయిన తన ఇంటి దగ్గరికి వెళ్లి, రాళ్ల గుట్టలో పొడుగు రాళ్లు ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. నేను నర్సుని, గోడల గురించి నాకేం తెలుసు? కానీ అక్కడ ఎముక విరిగినవాళ్లకు కట్టు కట్టడమూ, గోడకు కట్టు వెయ్యడమూ ఒకటే పని అనిపించింది నాకు.

ఇంకో విషయం కూడా చెప్పే తీరాలి, ఎందుకంటే దీని గురించి సదస్సుల్లో ఎవరూ మాట్లాడరు. మూడో ఏడు నేను లోపల్లోపల ఎండిపోయాను. రాత్రి కింద రోడ్డు మీద లారీ వెళ్తే గుండె దడ. టార్చి చేతికి కట్టుకుని పడుకునేదాన్ని. బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడేవి, అంతే. చిన్న చిన్న వాటికి మనుషుల మీద అరిచేదాన్ని. ఒక పిల్లాడు మందు బాటిల్ పడేస్తే అరిచాను, వాడు ఏడ్చాడు. ఆ రోజు పాస్టరుగారు నన్ను కూర్చోబెట్టి, "నువ్వు వెళ్లి రెండు నెలలు నిద్రపో. మేం ఎక్కడికీ పోం" అన్నారు. భార్యను పోగొట్టుకున్న మనిషి నాకు సెలవిచ్చి పంపించారు. వెళ్లాను. డాక్టరుకు చూపించుకున్నాను, మందులు వాడాను. సిగ్గుపడలేదు. మీరూ పడకండి. ప్రార్థన తక్కువై అలా అవుతుందని ఎవరైనా అంటే వినకండి, నేను నర్సుగా చెప్తున్నాను.

తిరిగి వెళ్లేసరికి ఆమా ఇల్లు కప్పు దాకా వచ్చింది. చిన్నదే, రెండు గదులు. గొడ్లకూ గింజలకూ చోటు చాలదని ఆమెకు అసంతృప్తి, నిజమే, చాలదు. గృహప్రవేశం నాడు లామాగారు వచ్చి పూజ చేశారు. నేనూ పాస్టరుగారూ వెళ్లి బయట అరుగు మీద కూర్చున్నాం, భోజనం చేశాం.

ఆ డిసెంబర్‌లో క్రిస్మస్‌కు ఊరందరినీ పిలిచాం. కొత్త చర్చి గోడలు అప్పటికి లేచాయి. నేను స్వయంగా వెళ్లి ఆమాను పిలిచాను. ఆమె వాకిట్లో రాగులు ఎండబోసి, చేటతో చెరుగుతోంది. మాల మెడలో ఊగుతోంది. ఆమా, ఈ రోజు మా పండగ, భోజనం ఉంది, రా అన్నాను. ఆమె చేట ఆపకుండానే తలెత్తి నన్ను చూసింది.

"ఈ రోజు కుదరదు నానీ. మబ్బు పట్టేలా ఉంది, ఈ రాగులు లోపల పెట్టుకోవాలి. రాను. వెళ్లేటప్పుడు పిల్లల కోసం ఏమైనా మిగిలితే పంపించు" అని, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. తర్వాత చున్నీ నడుముకు బిగించి, ఇంకో చేట తీసుకుని పక్కన కూర్చున్నాను. ఆరాధనకు ఇంకా గంట టైముంది.